రంగు వేయని బుగ్గ

మా ఉర్బీనోలో పోయినవాళ్ళందరి బుగ్గలూ ఎర్రగా ఉంటాయి. సమాధుల తోటలో ఏ వరసలోకి వెళ్ళి చూసినా ఇదే తంతు. ఆఖరి మూడేళ్ళూ మంచానికి అతుక్కుపోయి, గుక్కెడు పులుసునీళ్ళు కూడా దిగక కన్నుమూసిన ముసలమ్మ సైతం, రాయి మీది పింగాణీ బిళ్ళలో చూస్తే అప్పుడే తోటలోంచి ద్రాక్షపళ్ళ బుట్ట మోసుకొచ్చినట్టు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇదంతా ఒక్క మనిషి చేతి చలవ. అతని పేరు నజ్జరేనో పాలుచ్చి. మంచివాడు, పనిమంతుడు, మొండివాడు. మూడింట్లో ఏది ఎక్కువో చెప్పమంటే ఊళ్ళో తలొక మాటా చెప్తారు. నన్నడిగితే మొండితనమే అంటాను.

కోటగోడ దిగువన, నిలువునా దిగే మెట్ల వీధిలో అతని కొట్టు ఉండేది. ఎవరైనా పోయి, ప్రార్థనలు ముగిసి, చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, ఇంటివాళ్ళు ఒక ఫోటో పట్టుకుని అక్కడికి వచ్చేవారు. ఎప్పుడూ సరైన ఫోటో ఉండదు. పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో తెస్తారు, అందులో ఆ మనిషి చేతిలో వైన్ గ్లాసు, భుజమ్మీద ఎవరిదో చెయ్యి. నజ్జరేనో గ్లాసు తీసేసేవాడు, చెయ్యి తీసేసేవాడు, సగం మూతపడ్డ కన్ను తెరిచేవాడు. అరచేతిలో పట్టే కోలబిళ్ళ మీదికి ఆ మొహాన్ని ఎక్కించి, సన్న కుంచెతో రంగులద్ది, బట్టీలో కాల్చేవాడు. ఒకసారి కాలిందా, ఇక ఎండా వానా మంచూ దాన్నేమీ చెయ్యలేవు. కాలిన రంగు గీకినా రాదు. నచ్చకపోతే మొదట్నుంచీ మరొకటి చేసుకోవలసిందే.

బట్టీకి గులాబి రంగంటే ఆకలెక్కువ. వేసినదాంట్లో సగం తినేస్తుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎరుపు ఎప్పుడూ పిసరంత ఎక్కువే వేస్తారు. నజ్జరేనో రెండు పిసర్లు వేసేవాడు. బట్టీ తిన్నది తినగా ఇంకా మిగలాలని అతని పట్టుదల. వచ్చినవాళ్ళూ అదే కోరేవారు. "మాస్టారూ, కాస్త బాగున్నట్టు చెయ్యండి, ఆఖర్న మరీ చిక్కిపోయాడు" అని కళ్ళొత్తుకునేవారు. ఉన్నదున్నట్టు చెయ్యమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ బిళ్ళల్ని రాతిలో పొదిగే పని దువీలియోది. పాలరాయి చెక్కేవాడు, నజ్జరేనోకి చిన్ననాటి నుంచీ స్నేహితుడు. అతని నోరు ఊరుకునేది కాదు.

"ఒరేయ్ నజ్జరే, బతికున్నవాళ్ళు మెట్లెక్కలేక ఆయాసపడి చస్తుంటే, నీ పోయినవాళ్ళేంట్రా పహిల్వాన్లలా ఉన్నారు? జనం చూస్తే పోవడానికి తొందరపడతారు."

"నీకేం, రాయి కొట్టుకుంటావు. రాయి చూసి ఎవరూ ఏడవరు. నా బల్ల ముందు కూచుని ఏడుస్తారు. నీకు తెలీదులే."

ఇల్దే అతని భార్య. క్రెష్యా రొట్టెలు కాల్చి అమ్మే ఇంటి పిల్ల. పొట్టిగా, చురుగ్గా ఉండేది. మాట పొదుపు, అన్నమాట మాత్రం గుచ్చుకునేది. పెళ్ళైన వారానికి ఇద్దరూ బస్సెక్కి కొండలు దాటి ఫ్లోరెన్స్ వెళ్ళారు. మా ఊరివాళ్ళు ఫ్లోరెన్స్ వెళ్తే ముందు చేసే పని మా డ్యూకునీ ఆయన భార్యనీ పలకరించి రావడం, ఆ తర్వాత ఫ్లోరెన్స్ వాళ్ళని తిట్టుకోవడం. ఐదువందల ఏళ్ళ కిందట మా ఊరినేలిన డ్యూకు ఫెదెరీకో, ఆయన భార్య బత్తిస్తా, ఇద్దరి బొమ్మలూ ఆ కాలపు చిత్రకారుడు పియెరో వేసినవి, ఎప్పటి వారసత్వపు లెక్కల్లోనో మా ఊరు వదిలి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఫ్లోరెన్స్ ఉఫీజీ మ్యూజియంలో పరాయి గోడల మధ్య ఉన్నాయి. మాకు మిగిలినవి మంగలి షాపులోనూ కాఫీ కొట్టులోనూ వేలాడే అచ్చు బొమ్మలు. పొగకీ ఆవిరికీ ఆ అచ్చుల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే మట్టిరంగుకి తిరిగిపోయారు. అందుకని అసలు బొమ్మల ముందు నిలబడగానే నజ్జరేనో కంగుతిన్నాడు.

రెండు చిన్న పలకలు, ఒకే చట్రంలో. కుడి పలకలో డ్యూకు, ఎడమ పలకలో భార్య. ఇద్దరివీ పక్కమొహాలే, ఒకరికెదురుగా ఒకరు. డ్యూకుకి కుడికన్ను పోయింది కాబట్టి ఆ వైపు దాచేశారని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. ఎర్రటోపీ, ఎర్ర అంగీ, ఎండకి కమిలిన మొహం, పులిపిర్లతో సహా. ఆమె మాత్రం తెల్లగా ఉంది. తెల్లటి మనిషి అని కాదు, ఒంట్లో చుక్క నెత్తురు లేనట్టు తెలుపు.

"పని సగంలో వదిలేశాడు" అన్నాడు నజ్జరేనో. కొత్త పెళ్ళాం పక్కనుంటే మగాడికి తెలివి పొంగుకొస్తుంది. "చూడు, మొగుడికి అన్ని రంగులూ వేసి, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి అడుగుపూత పూసి వదిలేశాడు. నేనైతే ఇక్కడ, బుగ్గ ఎముక కింద, ఇంత గులాబి వేద్దును. లేచి కూచునేది."

"ఆవిడకి ఒంట్లో బాలేదు" అంది ఇల్దే. "బాలేని మనిషిని బాలేనట్టే వేశాడు."

"ఒంట్లో బాలేని మనిషి బొమ్మ ఎవరు కొంటారే?"

"మొగుడు."

అతను పగలబడి నవ్వాడు. ఆ మాటని జోకులా కాఫీ కొట్టులో ఎన్నో ఏళ్ళు చెప్పుకుని నవ్వించాడు. ఇల్దే నవ్వేది కాదు.

వాళ్ళకొక కూతురు పుట్టింది. దేలియా. పుట్టిన రోజే మంత్రసాని పిల్లని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, నీలి పెదాలు చూసి, తల్లి పక్కన పడుకోబెట్టింది. గుండెలో లోపం. బొలోన్యా తీసుకెళ్ళి చూపిస్తే అక్కడి పెద్ద డాక్టరు, ఇలాంటి గుండెలు బాగుచేసే విద్య ఇప్పుడిప్పుడే వస్తోందనీ, ఈ పిల్ల దాకా వస్తుందో రాదోననీ మెల్లగా చెప్పాడు. రాలేదు.

ఏడేళ్ళు బతికింది. ఆ ఏడేళ్ళూ ఇల్దే ప్రతి పొద్దునా పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పెదాలు చూసేది. ఆ రంగుని బట్టి రోజు నడిచేది. బడికి పంపాలా వద్దా, మెట్లు నడిపించాలా ఎత్తుకోవాలా, పక్కింటి పిల్లలతో ఆడనివ్వాలా దుప్పటి కప్పి కూచోబెట్టాలా, అన్నీ పెదాలే చెప్పేవి. మా ఊళ్ళో చదునైన వీధి వెతికినా దొరకదు. పిల్ల పెరిగేకొద్దీ బరువెక్కుతోంది, అయినా ఇల్దే ఎత్తుకునే ఎక్కేది. మధ్యలో ఆగి గోడకి ఆనుకుని ఆయాసం తీర్చుకుంటుంటే, వీపు మీది పిల్ల "అమ్మా, నీకు కూడా గుండె బాలేదా?" అని అడిగేదట.

నజ్జరేనో పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోయేవాడు. పిల్లంటే ప్రాణం, కానీ ఆ పెదాల వంక చూడలేకపోయేవాడు. ముద్దుపెట్టుకునేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. పిరికివాడు, అంతే. ఇలాంటి పిరికితనాన్ని మేమెవరమూ తప్పుపట్టలేదు. ఇల్దే పట్టిందో లేదో అప్పట్లో ఎవరికీ తెలియదు.

మంచు పడుతున్న ఫిబ్రవరిలో దేలియా పోయింది.

బిళ్ళ చెయ్యడానికి నజ్జరేనో ఎవరినీ కొట్టులోకి రానివ్వలేదు. బడిలో తీసిన ఫోటో ఒకటుంది, పిల్ల తల కొద్దిగా వంచి నవ్వుతున్నది. అతని చేతిలో ఎంత విద్య ఉందో అంతా దాని మీద పెట్టాడు. ఒకసారి కాల్చి, మళ్ళీ రంగద్ది, మళ్ళీ కాల్చాడు. బట్టీ తిన్న ప్రతిసారీ మరికాస్త తినిపించాడు. చివరికి బయటికొచ్చిన పిల్ల బుగ్గలు పండిన పీచుపళ్ళు. పెదాలు ఎర్రెర్రగా, కొండగాలిలో ఆడుకుని అన్నానికి పరిగెత్తుకొచ్చిన పిల్లలా ఉంది. చూసినవాళ్ళు నోరు తెరిచారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి చూసివెళ్ళారు. దువీలియో రాతిలో పొదిగి, జోకు వెయ్యకుండా నజ్జరేనో భుజం తట్టాడు.

ఆ ఆదివారం భార్యని తీసుకెళ్ళాడు. డ్యూకు సమాధి ఉన్న గుడి పక్కనే మా సమాధుల తోట. ఇల్దే రాయి ముందు నిలబడి చాలాసేపు చూసింది. అతను ఆమె మొహం వంక చూస్తూ నిలబడ్డాడు, ఒక్క మెచ్చుకోలు మాట కోసం కాదు, ఒక్క ఏడుపు కోసం.

"ఇదెవరు?" అంది ఇల్దే.

అతనికి అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాడు.

"ఈ పిల్ల నాకు తెలీదు నజ్జరే" అని వెనక్కి తిరిగి నడిచిపోయింది.

ఇంటికొచ్చాక ఒక్కసారి అడిగింది. "మళ్ళీ చెయ్యి. ఎలా ఉండేదో అలాగే చెయ్యి."

అతనికి ఒళ్ళు మండిపోయింది. "ఆ నీలి పెదాల్తో రాయి మీద పెట్టమంటావా? దారినపోయేవాళ్ళంతా చూసి అయ్యో అనాలా? నా కూతుర్ని రోగిష్టిదాన్ని చేసి ఊరికి చూపించను."

"రోగిష్టిదే. రోగిష్టి పిల్లనే నేను పెంచాను. ఆ రంగు చూసుకుంటూనే ఏడేళ్ళు బతికాను. నువ్వు దాన్ని చెరిపేసి వేరే పిల్లని పెట్టావు."

"బాగున్నట్టు చేశాను. అది తప్పా?"

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు, ఆమె సమాధుల తోటకీ రాలేదు. మిగతా సంసారం మామూలుగానే నడిచింది. క్రిస్మస్‌కి మాంసం కూరిన కప్పెల్లెత్తి చేసేది, అతని చొక్కాలకి గుండీలు కుట్టేది, చలికాలం అతని ఛాతీకి తైలం రాసేది. నవంబరు రెండున సమాధుల పండుగ వస్తే మాత్రం నజ్జరేనో చామంతులు పట్టుకుని ఒంటరిగా వెళ్ళేవాడు. కన్నతల్లి రాకపోవడమేంటని మా ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కొందరు రాతిగుండె అన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను. అతనికి కావలసింది ఒక్కటే. ఒక్కసారి, ఇద్దరూ కలిసి ఆ రాయి ముందు నిలబడాలి. అంతకుమించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు. అందుకు మరో బిళ్ళ చేస్తే చాలునని అతనికి తెలుసు. అతనికి చేతులు రాలేదు. అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

అరవైల్లో పడ్డాక, ఒక వసంతంలో రాతిపనివాళ్ళ సంఘం ఫ్లోరెన్స్‌కి బస్సు వేసింది. దువీలియో బలవంతాన అతన్నీ ఎక్కించాడు. మిగతావాళ్ళు భోజనం హోటలు వెతుక్కుంటుంటే నజ్జరేనో ఉఫీజీలోకి వెళ్ళాడు. ఎందుకెళ్ళాడంటే మా ఊరివాడు కాబట్టి. తిట్టుకోవడానికి.

బొమ్మల ముందు ఒక గుంపు ఉంది. వాళ్ళకి వివరించే అమ్మాయి గొంతు శ్రావ్యంగా ఉంది. ఆ కాలపు పెద్దింటి ఆడవాళ్ళకి తెల్లటి చర్మమే అందమనీ, అందుకే అలా వేసి ఉండవచ్చనీ చెప్పింది. వరసగా ఆడపిల్లల్ని కని, చివరికి మగపిల్లాడు పుట్టిన ఏడాదే బత్తిస్తా పోయిందనీ, ఆమె పోయాకే ఈ బొమ్మ వేశాడని చాలామంది పండితులు అంటారనీ కూడా చెప్పింది. రెండింట్లో ఏది నిజమో నాకు తెలియదు. గుంపు కదిలిపోయింది. నజ్జరేనో కదల్లేదు.

ముందు భర్త పలక దగ్గరికి వంగాడు. పియెరో పులిపిర్లు ఒక్కటీ వదలకుండా వేశాడు. విరిగిన ముక్కుదూలం దగ్గర నొక్కు అలాగే ఉంది. మొహంలో ఎరుపు ఉంది, గోధుమ ఉంది, చెంప దగ్గర ఇంకేదో వెచ్చటి రంగు ఉంది. టోపీ మీద ఇంకా ఎక్కువ. అంటే ఎరుపు పియెరో పళ్ళెంలో ఉంది. అడుగంటిపోలేదు. కుంచె తడిగానే ఉంది.

తర్వాత ఆమె దగ్గరికి వచ్చాడు. మెడలోని ముత్యాలు చూశాడు. ముత్యానికీ ముత్యానికీ వెలుగు వేరు. జుట్టు చుట్టిన తెల్లగుడ్డ మడతలు చూశాడు, ఒక్కొక్క మడతా విడిగా లెక్కకొస్తుంది. ఇంత ఓపికున్నవాడు బుగ్గ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయాడనుకోవడానికి లేదు. పనివాడి కళ్ళు కాబట్టి తప్పులూ కనిపించాయి. మెడ మరీ నిటారుగా ఉంది. వెనక కొండలు పిల్లలు మట్టితో చేసినట్టున్నాయి. భర్త వెనక నీళ్ళూ పడవలూ, భార్య వెనక పొలాలూ కోటగోడా, రెంటి మీదా ఒకటే ఆకాశం. బుగ్గ దగ్గర మాత్రం తప్పు దొరకలేదు. కళ్ళు చికిలించి వెతికాడు. నుదుటి నుంచి గడ్డం దాకా ఎక్కడా చెయ్యి తొణకలేదు. తెలుపు ఒకేలా, జాగ్రత్తగా, చివరంటా వేసిన తెలుపు.

"పెద్దాయనా, వెనక్కి జరగండి" అన్నాడు కాపలావాడు.

జరిగాడు. అప్పుడు అతనికి బొమ్మ వేసినవాడు కాదు, వేయించుకున్నవాడు గుర్తొచ్చాడు. జీవితమంతా ఖాతాదారుల మాట విన్నవాడు కదా. ఆ భర్త ఈ పలక మొదటిసారి చేతిలోకి తీసుకుని చూసి ఉంటాడు. దేశాలేలేవాడు. కాస్త రంగు వెయ్యవయ్యా అని ఒక్క మాటంటే చాలు, పియెరో ఏం, వాడి తాత కూడా వేసేవాడు. అనలేదు. తన పులిపిర్లని వెయ్యనిచ్చాడు, భార్య తెలుపుని ఉంచనిచ్చాడు, ఎదురుగా కూచున్నాడు. ఒంట్లో బాలేని మనిషి బొమ్మ ఎవరు కొంటారని తానడిగితే, ఇల్దే ఇక్కడే, ఇదే గచ్చు మీద నిలబడి జవాబు చెప్పింది. తను నవ్వాడు.

గది మధ్యలో బెంచీ ఉంటే దాని మీద కూలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పిల్ల పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు పని ఉంది, రంగులున్నాయి.

వెతుక్కుంటూ వచ్చిన దువీలియోకి అలా కనిపించాడు. "ఏంట్రా, కాళ్ళు పీకుతున్నాయా?"

"దువీ, మా దేలియా పెదాలు ఏ రంగులో ఉండేవో నీకు గుర్తుందా?"

దువీలియో పక్కన కూచున్నాడు. "నేనెప్పుడూ సరిగ్గా చూళ్ళేదురా. నువ్వూ చూసేవాడివి కాదు."

తిరిగొచ్చిన మర్నాడు నజ్జరేనో వంటింట్లోకి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇల్దే రొట్టెపొడీ చీజూ గుడ్లూ కలిపిన ముద్దని చిల్లుల రేకులోంచి నొక్కుతోంది. పొయ్యి మీద పులుసు మరుగుతోంది.

"ఇల్దే, దేలియా పెదాలు ఏ రంగులో ఉండేవి?"

ఆమె చేతులు ఆగలేదు.

"ఏ పూట?"

ఆమే చెప్పింది, అటు తిరిగే. "పొద్దున లేవగానే నల్లద్రాక్ష తొక్క లోపలి వైపు ఉంటుంది చూడు, ఆ రంగు. పాలు తాగాక కాస్త తేటపడేది. మెట్లెక్కితే మళ్ళీ వచ్చేసేది, ముందు పైపెదవికి. చలికాలమైతే గోళ్ళకీ వచ్చేది."

"బుగ్గలు?"

"తెలుపే. నీ సున్నం తెలుపు కాదు. మైనం తెలుపు, వెనకాల దీపం పెడితే ఎలా ఉంటుంది, అలాగ. కళ్ళ కింద వేలితో అద్దినట్టు నీలం." ముద్ద అయిపోయింది. చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "ఏ పూటది చేస్తావు?"

"నువ్వే చెప్పు."

"మధ్యాహ్నం పడుకుని లేచాక. అప్పుడు నవ్వేది."

ఆ వేసవంతా అతను తన చేత్తో తనే పోట్లాడాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, దానంతటదే ఎర్రరంగు గిన్నె వైపు వెళ్ళేది. గిన్నె తీసి అలమర్లో పెట్టి తాళం వేశాడు. మొదటి బిళ్ళ సుద్దముక్కలా వచ్చింది. రెండోదాంట్లో పెదాలు సిరా తాగినట్టున్నాయి. అవి ఇల్దేకి చూపిస్తే, తల అడ్డంగా ఊపి, ఇక్కడ ఇంకా పల్చగా, ఇక్కడ ఇంకా లోపలికి అని వేలితో చూపించేది. సాయంత్రాలు కొట్టుకి వచ్చి స్టూలు మీద కూచునేది. పిల్ల సంగతులు అతనికి తెలియనివి ఎన్నో చెప్పింది. ఏ మలుపు దగ్గర ఆగేవాళ్ళో, ఏ గడప మీద కూచునేవాళ్ళో, ఏ పిల్లి వచ్చేదో. కన్న తండ్రి, బయటివాడిలా కూచుని అవన్నీ విన్నాడు. ఆ వేసవి మా వీధిలో వాళ్ళు, ముసలాళ్ళిద్దరూ మళ్ళీ పెళ్ళిచేసుకున్నట్టున్నారే అని నవ్వుకున్నారు. నజ్జరేనోకి ఆ మాట చెవినపడి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

అక్టోబరులో సరైన బిళ్ళ వచ్చింది. బట్టీలోంచి తీసి, చల్లారాక, జేబురుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఇల్దే దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. వెలుగులో పట్టుకుని పెదాలు చూసింది.

"దేలియా" అంది. దేలియాలా ఉందని అనలేదు. పిలిచింది.

ఇద్దరూ ఏడ్చారు, ఇరవై ఏళ్ళ తర్వాత, ఒకే గదిలో. కాసేపటికి అతనన్నాడు. "పండక్కి దువీలియో పాతది తీసేసి దీన్ని పొదుగుతానన్నాడు. నువ్వొస్తావు కదా?"

"ఎక్కడికి?"

"పిల్ల దగ్గరికి."

"పిల్ల ఇక్కడుంది కదా."

"ఇల్దే, అది రాయి మీద పెట్టడానికి చేసింది."

ఆమె బిళ్ళని ఛాతీకి ఆనించుకుంది. "నవంబర్లో బయట పెడతావా? చలిలో దీన్ని నేనెప్పుడైనా బయటికి పంపానా? పెదాలు ఇలా ఉన్న రోజు గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. నీకు తెలీదులే, నువ్వు కొట్లో ఉండేవాడివి."

అతను ఖాళీ జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నా కోపం పోయింది నజ్జరే" అంది ఇల్దే, మెత్తగా. అంత మెత్తగా ఆమె మాట్లాడగా అతనెప్పుడూ వినలేదు. "నువ్వు చేసిచ్చావు, చాలు. కానీ నేనక్కడికి రాను. అక్కడ నాకెవరూ లేరు. అక్కడున్నది నీ పిల్ల, ఎర్రబుగ్గల పిల్ల. దానికి చలీ లేదు, వానా లేదు. దాన్నలాగే ఉండనీ."

సమాధుల పండుగనాడు నజ్జరేనో చామంతులు పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు. దువీలియో ఉలి సంచీతో రాయి దగ్గర కాచుకుని ఉన్నాడు.

"కొత్తదేదిరా?"

"ఇంట్లో ఉంది."

"మర్చిపోయావా?"

"లేదు. దానికి చలిగా ఉంటుందిట."

దువీలియో అతని మొహంలోకి చూశాడు. సంచీ భుజాన వేసుకుని, తన తల్లి సమాధి ఉన్న వరసలోకి నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

నజ్జరేనో పాత చామంతులు తీసేసి, జేబురుమాలుతో బిళ్ళ తుడిచాడు. తల వంచి నవ్వుతున్న పిల్ల ఎప్పట్లాగే నిగనిగలాడుతోంది. ఇన్నేళ్ళుగా ఈ మంచులో, ఈ గాలిలో నిలబడే ఉంది. వాళ్ళమ్మ ఒక్కసారి వచ్చి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు, ఇక రాదు. ఈ పిల్లని ఎవరూ కనలేదు, ఎవరూ ఎత్తుకుని మెట్లెక్కలేదు. తనూ కాదంటే దీనికెవరున్నారు? రాయి అంచు మీద చెయ్యి వేశాడు.

పక్క సమాధికి పూలు తెచ్చిన ఒక ముసలావిడ, వేరే ఊరి మనిషి, అటు తిరిగి ఆగిపోయింది.

"మీ మనవరాలా నాయనా?"

"కూతురు."

"బంగారుతల్లి. ఎంత ఆరోగ్యంగా ఉందో. పాపం, ఏం జబ్బు చేసింది?"

నజ్జరేనో పిల్ల బుగ్గల వంక చూశాడు. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"జబ్బేం లేదమ్మా" అన్నాడు. "మా వీధి మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కేది."